ఎవరూ వాయించని గిటార్

తమ్ముడి రికార్డింగ్ గదిలోంచి గిటార్ గర్జన వినబడేసరికి, ఎడమచేతికి కట్టుతోనే అక్క తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"నా పాటలో ఈ గిటార్ ఎవర్రా వాయించింది?"

"ఎవరూ వాయించలేదక్కా. కీబోర్డు మీద నొక్కాను. సాఫ్ట్‌వేర్‌లో గిటార్ శబ్దం తీసుకుని, మోత పెంచే యాంప్ తగిలించి, బొంగురుపోయేదాకా గరగరలాడించే డిస్టార్షన్ పెంచాను."

"చెయ్యి విరిగింది గానీ నేను చావలేదు. ఒక్క నెల ఆగలేకపోయావా?"

"ఆగితే వాయిస్తావా?"

"వాయిస్తాను."

"ఇంకా ఎందుకు బుకాయిస్తావు? ఆ వేళ్లు ఇక తీగ నొక్కలేవని డాక్టరు నీకెప్పుడో చెప్పాడట. బావ నిన్న నా దగ్గర ఏడ్చాడు. నాకు మాత్రం రేపొస్తా, ఎల్లుండొస్తా అంటూ వచ్చావు. నేనేమైనా పరాయివాణ్ణా?"

అక్క మొహం జేవురించింది.

"చెబితే ఏం చేసేవాడివి? జాలిపడేవాడివి. ఇప్పుడేమో నన్ను తీసి పక్కన పడేసి ఈ డబ్బా మోత పెట్టావు."

"డబ్బా మోతే. ఆ సంగతి నాకూ తెలుసు. ఎలా బాగుచెయ్యాలో తెలీదు. నువ్వు చెప్పవు, ఈ గదిలోకి రావు."

ఆమె కట్టులోని వేళ్లను కదపాలని చూసింది. అవి కదల్లేదు.

"మళ్లీ వినిపించు."

వినిపించాడు.

"అంత డిస్టార్షన్ ఎందుకు పోశావు? స్వరాలన్నీ ముద్దయిపోయాయి. సగానికి తగ్గించు. లే అక్కణ్నుంచి."

తమ్ముడు లేచాడు. ఆమె ఆ కుర్చీలో కూర్చుని, కుడిచేతిని కీబోర్డు మీద పెట్టింది.

"నవ్వకు. నీ మీద కోపం అలాగే ఉంది. రికార్డు నొక్కు."