బోర్డు మీద పై వరుస

అధ్యక్ష స్థానంలో ఉన్న మా ఆఫీసరు గారికి, ఇప్పటిదాకా నా గురించి నాకే తెలియని మంచి విషయాలు చెప్పిన పెద్దలకి, పని ఎగ్గొట్టడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదని వచ్చి వెనక వరుసల్లో సర్దుకున్న నా తోటి ఉద్యోగులకి, మూడో వరుసలో కూర్చుని అప్పుడే రెండుసార్లు గడియారం చూసుకున్న మా ఆయనకి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

చూడండి, చూడండి, మళ్ళీ చూసుకున్నారు. ముప్ఫై మూడేళ్ళు నేను ఆఫీసు నుంచి ఎప్పుడొస్తానా అని చూసిన గడియారం అది. ఈ ఒక్క పూటా ఓపిక పట్టండి, రేపట్నుంచి నేను ఎప్పుడు బయటికి వెళ్తానా అని చూసుకుందురుగాని. (నవ్వులు)

ఆఫీసరు గారు నా గురించి మాట్లాడుతూ, "ఈవిడ నోటికి భయపడని వాళ్ళు ఈ సెక్షన్‌లో లేరు, కానీ ఈవిడ లేకపోతే ఈ సెక్షనే లేదు" అన్నారు. మొదటి సగం నిజం. రెండో సగం మర్యాద. మనది తప్పిపోయినవాళ్ళ ఫైళ్ళు చూసే సెక్షన్. నేను రాకముందూ మనుషులు తప్పిపోయారు, నేను వెళ్ళాకా తప్పిపోతారు. ఇంట్లోంచి ఎవరో ఒకరు చెప్పులేసుకుని బయటికి వెళ్తారు, తిరిగి రారు. వాళ్ళ తాలూకు వాళ్ళు ఇక్కడికొచ్చి, ఇదిగో ఈ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, చొక్కా రంగు చెప్తారు, పుట్టుమచ్చ చెప్తారు, చివరగా ఏం మాట్లాడారో చెప్తారు. మనం రాసుకుంటాం. పన్నెండున్నరకి అదే బల్ల మీద కాగితాలు పక్కకి నెట్టి క్యారేజీలు విప్పుకుని తింటాం.

అలా తినాలంటే మనిషికి ఏదో ఒకటి కావాలి. మనకి అది నవ్వు. ఇది బయటివాళ్ళకి చెప్తే ఛీ అంటారు. మా చెల్లెలు ఒకసారి ఇక్కడికొచ్చి అరగంట కూర్చుని, "అక్కా, మీరు మనుషులేనా?" అని అడిగింది. దాని ముందు ఏదో ఫైలు గురించి జోకు వేశాం మరి. నేను దానికి చెప్పాను, ఏడుస్తూ పని చేసేవాళ్ళు ఇక్కడ ఆర్నెల్లు కూడా ఉండలేదే, నవ్వినవాళ్ళమే మిగిలాం అని. ఆ మాట ఇప్పటికీ తప్పనుకోవడం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ బల్ల ముందు కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. మతిమరుపు ముదిరి ఇల్లు దాటిపోయిన ముసలాయన భార్య ఒకావిడ వచ్చేది, మీలో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. "ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన కళ్ళజోడు నేనే వెతికి పెట్టాను, ఇప్పుడు ఆయన్నే వెతకమంటున్నాడు" అంది. మేం నవ్వాలో వద్దో తెలియక నోళ్ళు బిగబట్టుకుంటే, "నవ్వండమ్మా, నవ్వడానికేగా చెప్పింది" అని ఆవిడే మొదలుపెట్టింది. ఆ రోజు ఆవిడా నేనూ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. అది నా ఉద్యోగంలో మంచి రోజుల్లో ఒకటి.

సరే, మంచి రోజు చెప్పాను కదా. ఇప్పుడు చెడ్డ రోజు చెప్తాను. దీనికోసమే నేను ఈ సభకి ఒప్పుకున్నాను. లేకపోతే ఈ శాలువాలూ పూలూ అంటే నాకు ఒంటికి పడవని మీకందరికీ తెలుసు.

బయటివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. ఆ తలుపు పక్కన నల్లబోర్డు ఉంది చూశారా? మా ఆఫీసులో ఎవరు బయటికి వెళ్ళినా దాని మీద ఒక వరుస రాసి వెళ్ళాలి. ఎవరు, ఎక్కడికి, ఎన్నింటికి వెళ్ళారు, ఎన్నింటికి వస్తారు. తిరిగొచ్చాక ఎవరి వరుస వాళ్ళే తుడుచుకోవాలి. ఒకరి వరుస ఇంకొకరు ముట్టుకోకూడదు. నాకు పని నేర్పిన పాత హెడ్ గుమాస్తా గారు పెట్టిన పద్ధతి ఇది. "మనుషుల్ని వెతికే ఆఫీసులో మన మనిషి ఎక్కడున్నాడో మనకి తెలియకపోతే సిగ్గుచేటు కదమ్మా" అనేవారు.

పద్దెనిమిదేళ్ళ కిందట ఒకాయన సాయంత్రం ఆరింటికి బల్బు కొనడానికి ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన భార్య వచ్చి చెప్పింది, మేం రాసుకున్నాం. గొడవల్లేవు, అప్పుల్లేవు, జబ్బు లేదు. మొదటి పేజీ చివర మాలో ఒకరు "ఇష్టపూర్వకంగా ఇల్లు విడిచి వెళ్ళి ఉండవచ్చు" అని రాశారు. ఆవిడ ప్రతి నెలా మొదటి సోమవారం వచ్చి ఏమైనా తెలిసిందా అని అడిగి వెళ్ళేది.

ఒక ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం మాలో ఒకరికి సొంత పని పడింది. పెద్ద పనేం కాదు, చెప్పులు కొనుక్కోవాలి. బోర్డు మీద చెప్పులు అని రాస్తే ఆఫీసరు ఊరుకోడు. అందుకని ఆ మనిషి 'ఎక్కడికి' అన్న చోట "బల్బు" అని రాసి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. అప్పటి ఆఫీసరు కూడా నవ్వాడు. అంతే, అది అంటుకుంది. పంటి డాక్టరా, బల్బు. పిల్లాడి స్కూలా, బల్బు. ఊరికే అలా తిరిగి రావాలా, బల్బు. పదిహేనేళ్ళు ఆ బోర్డు మీద ఆ మాట లేని వారం లేదు. మొదటి సోమవారం మాత్రం పొద్దున్నే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని అందరి చేతా తుడిపించేవాళ్ళం. ఆవిడ వస్తుంది కదా. అంటే అది తప్పని మాకు తెలుసన్నమాట. ఈ ఒక్క ముక్క మీరు గమనించాలి, తెలియక చేశాం అనడానికి లేదు.

(విరామం)

కాస్త మంచినీళ్ళివ్వు తల్లీ. ఈ అమ్మాయి రేపట్నుంచి నా కుర్చీలో కూర్చోబోతోంది. భయపడకు, కుర్చీకి ఒక కాలు పొట్టి, అంతకుమించి దాంట్లో ఏ దోషమూ లేదు. (నవ్వులు)

రెండేళ్ళ కిందట ఒక గురువారం, ఇరవై నాలుగేళ్ళ పిల్ల వచ్చింది. వాళ్ళమ్మకి మోకాళ్ళు పట్టేశాయట, ఇకమీదట తానే వస్తానంది. మొదటి సోమవారం దాకా ఆగకుండా ఆ రోజే వచ్చేసింది. నేను ఫైలు తీస్తుంటే ఆ పిల్ల బోర్డు వంక చూస్తోంది. బోర్డు మీద ముగ్గురి వరుసలు. మూడింటిలోనూ ఒకటే మాట. లేచి వెళ్ళి తుడుద్దామంటే ఇంకొకరి వరుస తుడవకూడదన్నది నేనే అందరికీ పాఠం చెప్పే నియమం. ఈలోపు మా ఆఫీసు డ్రైవరు, నేను తమ్ముడూ అని పిలుస్తాను, ఈల వేసుకుంటూ లోపలికొచ్చి, తన వరుస తుడుచుకుంటున్నాడు.

ఆ పిల్ల అడిగింది, "బల్బు దొరికిందా అండీ?"

పాపం వీడికేం తెలుసు. నవ్వి, "ఎక్కడ దొరుకుతుందమ్మా, బల్బు కోసం వెళ్ళినవాడు ఇంటికొచ్చాడా ఎప్పుడైనా" అన్నాడు.

"ఆ రోజు బల్బు తెమ్మని ఏడ్చింది నేనండీ" అంది ఆ పిల్ల. "నేను చదువుకునే చోట మాడిపోయింది. రేపు తెస్తానన్నాడు నాన్న. ఇప్పుడే కావాలన్నాను."

ఎనిమిదేళ్ళప్పుడు అన్న మాట. పదహారేళ్ళు మోసుకుని తిరిగింది. ఎవరితోనూ అనలేదట, వాళ్ళమ్మతో కూడా. అన్నది మొదట మాతో, అదీ ఆ బోర్డు ముందు నిలబడి.

తర్వాత జరిగింది మీకు తెలుసు. సంగతి పెద్దాఫీసు దాకా పాకి, అక్కణ్ణుంచి విచారణ వచ్చింది. ఈ వెటకారం మొదలుపెట్టిందెవరు అన్నారు. అప్పటివాళ్ళలో మిగిలినవాళ్ళం ఎవరం నోరు విప్పలేదు. దొరికినవాడు డ్రైవరు కాబట్టి డ్రైవరే అన్నారు. వాడి చేతిలోంచి బండి తాళాలు తీసేసి ఎనిమిది నెలలు కింద గోదాములో కూర్చోబెట్టారు. కిటికీ లేని గది అది. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేను. "మొదలుపెట్టిన వ్యక్తి" అన్న మాట పక్కన వాడి పేరు టైపు చేసింది ఈ చేతులే.

ఇప్పుడు చెప్తున్నాను, అందరూ వినండి. ఆ చెప్పులు కొనుక్కోవడానికి వెళ్ళింది నేను. ఆ మాట మొదట రాసింది నేను.

(గుసగుసలు)

గుసగుసలు వద్దు, పూర్తి చెయ్యనివ్వండి. ఆఫీసరు గారూ, నాకు పెన్షన్ కాగితాల మీద సంతకం పొద్దునే పెట్టేశారు, ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి లేదు. (చిన్న నవ్వులు) అయినా తీసుకుంటానంటే తీసుకోండి, నేను కాదనను.

తమ్ముడూ, తల దించుకోకు. దించుకోవాల్సింది నేను. ఎనిమిది నెలలు నీకు కింద గదిలోకి టీ పంపించి నా అపరాధం తీరిపోయిందనుకున్నాను. అందరి ముందూ నీ మీద పడ్డ మాట అందరి ముందే తియ్యాలి కదా. నన్ను క్షమించు.

ఏమంటున్నావు? గట్టిగా చెప్పు, వెనకవాళ్ళకి వినపడలేదు.

(డ్రైవరు లేచి: "నాకప్పుడే తెలుసక్కా. ఆ మొదటి రోజు బోర్డు మీద మీ వరుస నేనూ చూశాను కదా.")

తెలుసా? తెలిసి ఇన్నాళ్ళూ...

(విరామం)

ఇదిగో, వీడితో ఇదే కష్టం. మనిషిని తిట్టుకోనివ్వడు కూడా. కూర్చో నాయనా.

రెండో వరుసలో చివర కుర్చీలో కూర్చుంది ఆ పిల్లే. ఈ రెండేళ్ళలో నన్ను పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ఈ పూలగుత్తి కూడా తనే తెచ్చింది. దానికీ ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. ముందే ఇంటికెళ్ళి చెప్పి ఉండొచ్చు కదా అని మీరనొచ్చు. రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ వాళ్ళమ్మ మోకాళ్ళ గురించి మాట్లాడి వచ్చేశాను. ఇక్కడైతే మధ్యలో లేచి పారిపోవడానికి లేదని మైకు పట్టుకున్నాను. అమ్మా, నువ్వు కోపం తెచ్చుకుంటే తెచ్చుకో, లేచి వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. కానీ ఈ నాలుగు ముక్కలూ విని వెళ్ళు.

ఆ గురువారం నేను నిన్ను కూర్చోబెట్టి నీ వాఙ్మూలం రాసుకున్నాను. పదహారేళ్ళలో ఈ ఆఫీసు నిన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నువ్వు చెప్పావు, నాన్న కుర్చీ ఎక్కి మాడిపోయిన బల్బు విప్పి, కొలత తేడా రాకూడదని దాన్ని పాత కాగితంలో చుట్టుకుని చేత్తో పట్టుకెళ్ళాడని. ఇల్లొదిలి పారిపోయేవాడు మాడిపోయిన బల్బు వెంట తీసుకెళ్తాడా? ఇంటికి రావాలనుకున్నవాడే తీసుకెళ్తాడు. ఆ ముక్క మొదటి వారంలో తెలిసి ఉంటే ఆయన కోసం ఆస్పత్రుల్లో వెతికేవాళ్ళం, రోడ్ల మీద వెతికేవాళ్ళం. మేం వెతకలేదు. ఆయన ఉడాయించాడని రాసేసుకున్నాం, దాని మీద జోకు కట్టుకున్నాం, జోకు బాగా పండింది. పండిన జోకుని మళ్ళీ విప్పి చూడాలని ఎవరికీ అనిపించలేదు. నవ్విన ప్రతిసారీ ఆ ఫైలు ఇంకాస్త మూసుకుపోయింది. నాకు నొప్పిగా ఉన్నది అదీ. నీ మనసు బాధపెట్టామన్నది ఒక తప్పు. మీ నాన్నని వెతకడం మానేశామన్నది ఇంకా పెద్ద తప్పు.

ఆ తర్వాత నేనూ, గోదాములోంచే మా తమ్ముడూ, ఆ వారం నాటి ఆస్పత్రి రిజిస్టర్లు, గుర్తు తెలియనివాళ్ళ జాబితాలు, చుట్టుపక్కల ఊళ్ళవి కూడా తెప్పించి చూశాం. ఏడాది పట్టింది. దొరికిందని చెప్తే మీరందరూ ఇప్పుడు చప్పట్లు కొట్టి ఇళ్ళకెళ్ళిపోవచ్చు. ఏమీ దొరకలేదు. ఫైలు తెరిచే ఉంది.

అయితే ఇకమీదట నవ్వకూడదా అని కొత్త అమ్మాయి పొద్దున నన్ను అడిగింది. నవ్వకపోతే నువ్వు ఇక్కడ బతకలేవు తల్లీ. ఎంతవరకు నవ్వొచ్చో చెప్పమంటే మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు. ఒక్కటే చెప్పగలను. ఆ జోకు ఎవరి మీదో వాళ్ళ తాలూకువాళ్ళు వస్తున్నారని గబగబా తుడుచుకోవాల్సి వస్తే, అది రాయొద్దు.

విచారణ అయ్యాక ఈ పిల్లని ఆఫీసు ఏం కావాలమ్మా అని అడిగింది. క్షమాపణ పత్రం అడుగుతుందనుకున్నాం. బోర్డు మీద ఒక వరుస కావాలంది. సుద్దముక్క తీసుకుని అన్నిటికంటే పైన తనే రాసుకుంది. ఎవరు, నాన్న. ఎక్కడికి, బల్బు దుకాణానికి. ఎన్నింటికి వెళ్ళారు, ఆరు. ఆఖరి గడి ఖాళీగా వదిలేసింది. సుద్ద వెలిసిపోతుంటుంది కదా, ప్రతి సోమవారం పొద్దున ఎవరో దాని మీద మళ్ళీ దిద్దుతున్నారు. ఎవరో అంటున్నాను గానీ, దిద్దేది ఎవరో, తమ్ముడు గోదాము నుంచి పైకొచ్చిన మొదటి సోమవారమే చూశాను.

ఇంక ముగిస్తాను, మా ఆయన ఈసారి గడియారం చూసుకోవడం లేదు, అంటే నిజంగానే పొద్దుపోయింది. నన్ను భరించిన మీ అందరికీ, చెప్పకుండా భరించిన ఒక్కడికి, నా కృతజ్ఞతలు...

(రెండో వరుసలోంచి ఆ అమ్మాయి లేచి తలుపు వైపు నడుస్తుంది.)

వెళ్ళనివ్వండి. ఆపకండి. తనకి ఆ హక్కుంది.

(అమ్మాయి బోర్డు దగ్గర ఆగి, డస్టరు తీసి, వేదిక వైపు చాచి నిలబడుతుంది.)

నాకేనా?

(విరామం)

అవునమ్మా, మర్చిపోయాను. పొద్దున సందు చివర దుకాణానికి వెళ్ళి సుద్దముక్కల పెట్టె తెచ్చాను, సోమవారాలకి పనికొస్తుందని. వచ్చాక నా వరుస తుడుచుకోలేదు. వస్తున్నాను, ఉండు. నా వరుస నేను తుడుచుకుని వెళ్తాను. పైనున్నది మాత్రం ఎవరూ ముట్టుకోకండి, అది ఆయన వచ్చి తుడుచుకోవాలి.

సెలవు.