క్రాంజ్ కార్డుకు వంతెన బేరం

ఒహాయోలో గస్ నడిపే, బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు కొని అమ్మే కొట్లో, జనవరి చలికి హీటరు పక్కన మెర్ల్ ఆస్బర్న్ చేరాడంటే ఇక వాడి నోటికి గడియ ఉండదు. ఆ రోజు ఓపల్ కూడా వచ్చింది. ఇంటి కప్పు కారుతోంది, బాగు చేయించాలంటే పోయిన మొగుడు దాచుకున్న, రస్క్ అనే ఆటగాడి కార్డు అమ్మక తప్పదు. మర్నాడు రస్క్‌ని మేటి ఆటగాళ్ల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరుస్తారని ఊరంతా గుసగుస, ఆ మాటకే కార్డు ధర పెరిగింది. ఇవాళే అమ్మాలా, రేపటిదాకా ఆగాలా? అదీ ఆమె బెంగ.

"ఆగాలి!" అన్నాడు మెర్ల్. "పాత ఆటగాడు క్రాంజ్ సంగతి చెప్తా విను. వాడి కార్డు నా సైకిలు చువ్వల్లో పెట్టుకుని టపటపలాడించేవాణ్ణి, ఊరికే ఇస్తానన్నా ఎవడూ ముట్టేవాడు కాదు. వాణ్ణి హాల్‌లో చేర్చారని రేడియోలో అన్నారో లేదో, నా జేబు వెచ్చబడింది! మెట్లు దిగేసరికి పక్కింటాయన ట్రాక్టరిస్తానన్నాడు, పొమ్మన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ట్రాక్టరు ఏడ్చింది," అన్నాడు గస్.

"నవ్వకు! మలుపు తిరిగేసరికి ఆవుల మందంతా ఇస్తానని ఇంకొకడు. చర్చి దగ్గర పాస్టరు గంట ఊడదీసి చేతిలో పెట్టబోయాడు, ఆదివారం ప్రసంగం కూడా నన్నే చెప్పుకోమన్నాడు. నది ఒడ్డున సాక్షాత్తూ మేయరే మోకాళ్ల మీద పడి, 'బాబ్బాబూ, ఈ వంతెన తీసుకో, అవతలి ఊరూ తీసుకో' అని ఒకటే ఏడుపు!"

"అవతలిది వేరే రాష్ట్రం కదరా?" అన్నాడు గస్.

"అందుకేగా గవర్నర్లిద్దరూ జుట్లు పట్టుకున్నారు! ఆ తోపులాటలో కార్డు నదిలో పడింది, చేప మింగింది. ఇవాళ్టికీ ఆ చేప వెనకాల పోలీసు పడవ తిరుగుతోంది!"

ఓపల్ అన్నీ విని, సంచీలోంచి రస్క్ కార్డు తీసింది.

"వంతెనలూ ఆవులూ నాకెందుకులే మెర్ల్. బయటున్న నీ డొక్కు ట్రక్కు ఇచ్చి ఇది పట్టుకెళ్లు. రేపీపాటికి నీకు రెండు ఊళ్లొస్తాయి."

మెర్ల్ చెయ్యి గబుక్కున తాళాలున్న జేబు మీదికి పోయింది. "అంటే... ఓపల్... మూల కాస్త నలిగింది చూడు. పైగా ఈ గిరాకీ అంతా గుసగుసలున్నన్నాళ్లే. వాడు చేరాడంటే ప్రతివాడూ అటక దులిపి కార్డులు మోసుకొస్తాడు. వారం తిరక్కుండా ధర చప్పబడుతుంది."

గస్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఓపల్ కార్డు అతని ముందు బల్ల మీద పెట్టింది.

"ఇవాళే తీసుకో గస్. మెర్ల్ నోట నిజం ఊడిపడ్డాక, రేపటిదాకా ఆగడానికి నాకు ధైర్యం చాలడం లేదు."