మడిచిన పేజీ

బడిలో టీచరైన కూతురు రేపు క్లాసులో చెప్పాల్సిన పాఠం చదువుకుంటోంది. బొగ్గు కరెంటు ప్లాంటులో ముప్పై ఏళ్లుగా బాయిలర్ దగ్గర పనిచేస్తున్న తండ్రి డ్యూటీ దిగి వచ్చాడు.

"ఏం పాఠం తల్లీ?"

"భూమి ఎందుకు వేడెక్కుతోందని, నాన్నా."

"మరి బొగ్గు పేజీ మడిచేశావేం?"

"క్లాసులో సగం మంది మీ ప్లాంటువాళ్ల పిల్లలే. తమ నాన్నలదే తప్పనుకుంటారు."

"బొగ్గు కాలిస్తే వచ్చే వాయువు దుప్పటిలా కప్పేసి వేడిని పోనివ్వదు. నాకు తెలియదనుకున్నావా?"

"తెలిసీ చేస్తున్నావా?"

"తెలిసే చేశాను, మిమ్మల్ని పెంచాలిగా. దాస్తే మాత్రం నిజంగా తప్పే. పేజీ విప్పు."

"పిల్లలు ప్రశ్నలడిగితే?"

"రోజుకెంత బొగ్గు కాలుస్తామో నేనే వచ్చి చెప్తాను."

"మీ మేనేజరు ఊరుకుంటాడా?"

"ఆయన కూతురూ నీ క్లాసేగా. ముందు బెంచీలో కూర్చోబెట్టు."