అమ్మ చేతుల మీద మచ్చలు

హలో… ఆ, నేనే అన్నయ్యా, నిర్మలని. ఏలూరు ఆసుపత్రి ఆఫీసులోంచి ట్రంకాల్ చేశాను… వినబడుతోందా?

ఆ… డాక్టరమ్మగారు చూశారు… కాదు. కుష్టు కాదన్నయ్యా… అస్సలు కాదు.

దూదితో తాకి చూశారు, సూదితో గుచ్చి చూశారు. అమ్మకి అన్నీ తెలుస్తున్నాయి… వయసు మచ్చలట. నలభై ఏళ్లు ఎండలో నాట్లేసిన చేతులు కదా… లేదు, అంటుకోవు. మందు కూడా అక్కర్లేదట. ఎండలోకెళ్తే చేతులు కప్పుకుంటే చాలన్నారు.

ఇంటికా?… ఇప్పుడే పంపరు… మచ్చలకి కాదు. పుళ్లకి.

నీకు తెలీదా?… నువ్వు అమ్మకి కంచం వేరే పెట్టించి, మీ పాపని ఎత్తుకోవద్దన్నావు చూడు… ఆ మర్నాడే నల్లజీడి గింజల రసం రాసుకుంది. మచ్చలు పోతాయని ఎవరో చెప్పారట… ఆ, చర్మమంతా కాలిపోయింది. బొబ్బలెక్కి చీము పట్టింది. అయినా కొంగు కింద దాచుకునే తిరిగింది…

ఉండు, తప్పంతా వదినదే అనకు… నేను మాత్రం? మొన్న మా ఇంటికొచ్చి, జడ వేస్తానే అంది. వద్దులేమ్మా అన్నాను… నాకూ భయమేసింది. వాసన వస్తుంటే అప్పుడు కొంగు లాగి చూశాను…

కుడిచేతికే ఎక్కువ. రెండు వేళ్లు బిగుసుకుపోయాయి… లేదు, ఇక పూర్తిగా చాపలేదట.

చెప్పాను. "ఇది రోగం కాదమ్మా, ఎవరికీ అంటుకోదు" అన్నాను… చేతుల కట్ల వంక చూసుకుంది. తర్వాత అడిగింది… "అయితే పాపని ఎత్తుకున్నా ఏం అయ్యేది కాదన్నమాట?" అని…

అన్నయ్యా?… హలో… వింటున్నావా?

ఊరుకో… మీ ఆఫీసులో నలుగురూ ఉంటారు… ఊరుకో అన్నయ్యా.

కోపమా? నీ మీదా?… లేదు. నువ్వు అన్నం తిన్నావో లేదో కనుక్కోమంది.

రేపు పొద్దుటి బస్సుకా?… రా. జంగారెడ్డిగూడెం నుంచి ఎంతసేపు… వదిననీ తీసుకురా. పాపని కూడా.

ఏం మాట్లాడాలో తెలీకపోతే మాట్లాడకు. వచ్చి పక్కన కూర్చో…

టైము అయిపోయిందా అండీ? ఒక్క నిమిషం, ఆపరేటరు గారూ… అన్నయ్యా! చేతులు కట్లతో ఉన్నాయి, ఎత్తుకోవడం కుదరదు. పాపని నువ్వే అమ్మ ఒళ్లో పడుకోబెట్టు…

హలో?… హలో…