గాడిదకిచ్చిన నడక

నా పదవీ విరమణ సభకి అధ్యక్షత వహిస్తున్న మా సంస్థ పెద్దాయనకి, నా గురించి నిజాలూ అబద్ధాలూ సమపాళ్ళలో కలిపి ఇందాక అంత బాగా మాట్లాడిన మా దర్శకుడికి, ముప్పై నాలుగేళ్ళు నా సణుగుడు భరించిన బొమ్మల విభాగం మిత్రులకి, ముందు వరసలో కూర్చున్న మా వదినకి, ఆవిడ పక్కనే ఉన్న మా అన్నయ్య కూతురికి, చోటు లేక వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలకి, అందరికీ నమస్కారం. పిల్లలన్నానని ఏమీ అనుకోకండి, నలభై దాటనివాళ్ళందరూ నా లెక్కలో పిల్లలే. (నవ్వులు)

నాకు మాట్లాడటం చేతకాదు. జన్మంతా గాడిదల చేతా కోళ్ళ చేతా మాట్లాడించానే గాని నేను నోరు విప్పింది తక్కువ. ఇవాళ మాత్రం ఒక మాట చెప్పకుండా ఈ మెట్లు దిగకూడదని ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే గట్టిగా అనుకున్నాను. మధ్యలో తడబడితే ఓపిక పట్టండి.

మీ చేతుల్లో ఉన్న కార్యక్రమం కాగితంలో చివరి వరస చూడండి. 'బరువయ్య నడక, మూడు నిమిషాలు' అని ఉంది. నా ప్రసంగం అవగానే దీపాలార్పి, మన సినిమాలోంచి ఆ ముక్క ఈ తెర మీద వేస్తారట. నన్ను సంతోషపెట్టాలని పాత రీళ్ళన్నీ తవ్వి తీశారు పాపం. నేను చెప్పదలుచుకున్నది ఆ మూడు నిమిషాల గురించే.

సినిమా చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మూతబడ్డ మిల్లు షెడ్డులో నాలుగు జంతువులుంటాయి. మనుషులు వాటిని వదిలేసి వెళ్ళిపోతారు. కంగారమ్మ అనే కోడి, నిద్రమొహం ఎలుగుబంటి, నోరు మూతపడని కుందేలు పిల్ల, బరువయ్య అనే ముసలి గాడిద, నాలుగూ పోట్లాడుకుంటూ నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ పోతాయి. కథంటే అంతే. దానికి మాకు మూడేళ్ళు పట్టింది. తెర మీద ఒక్క సెకను గడవాలంటే ఇరవై నాలుగు బొమ్మలు గియ్యాలి, అన్నీ చేత్తోనే. కోడి తల తిప్పి "అయ్యో" అనేలోపు మా కుర్రాడికి ఓ పెన్సిలు అరిగిపోయేది.

మా వృత్తిలో ఒక అలవాటుంది, బయట ఎవరికీ చెప్పం. మేం దొంగలం. (నవ్వులు) ప్రతివాడి బల్ల మీదా చిన్న అద్దం ఉంటుంది, అందులో చూసుకుంటూ వెర్రిమొహాలు పెట్టి అవే గీస్తాం. మన మొహం చాలకపోతే పక్కవాడిది ఎత్తుకొస్తాం. జమాఖర్చుల మేడమ్‌గారూ, మీరు ఫోనెత్తే ముందు మెడ మూడుసార్లు అటూ ఇటూ తిప్పుతారు కదా, అది కంగారమ్మది. ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు. (నవ్వులు) పెద్దాయన భోజనమయ్యాక కుర్చీలో కిందికి జారే పద్ధతి ఎలుగుబంటిది. ఆయనకి తెలుసు. తెలిసే నాకు జీతం పెంచారు, ఎవరికీ చెప్పొద్దన్నారు. (నవ్వులు)

ఇలా ఎన్నో ఎత్తుకొచ్చాను. అన్నీ నవ్వుకుని మర్చిపోయినవే. ఒక్కటి తప్ప.

మా అన్నయ్య అచ్చాఫీసులో పనిచేసేవాడు. అమ్మానాన్నా పోయేనాటికి నాకు పదేళ్ళు, ఆయనకి ఇరవై. అచ్చాఫీసులో కోసి పారేసిన కాగితం ముక్కలు సంచిలో వేసుకుని రోజూ నాకోసం తెచ్చేవాడు. నేను బొమ్మలు నేర్చుకున్నది ఆ ముక్కల మీదే. నన్ను బొమ్మల బడిలో చేర్పించిన ఏడు, కాగితం కట్టలు మోస్తూ మెట్ల మీంచి పడి కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. మూడు నెలలు కదలొద్దన్నారు డాక్టరుగారు. మూడో వారానికల్లా పనిలోకి వెళ్ళిపోయాడు. "నేను పడుకుంటే నువ్వు బడి మానాలిరా" అన్నాడు. ఎముక వంకరగా అతుక్కుంది. అప్పట్నించీ ఆ కాలు ఈడుస్తూ, రెండడుగులకోసారి చిన్న గెంతు గెంతుతూ నడిచేవాడు. ఆ గెంతులో భుజం పైకి లేచి, తల వెనక్కి పోయి, ఎవరో వెనకనుంచి పిలిచినట్టుండేది.



సరే. బరువయ్య దగ్గరికి వద్దాం. ముసలి గాడిద ప్రతి పావుగంటకీ "కుర్రతనంలో నేను గుర్రాన్నమ్మా" అని గొప్పలు పోతుంది. ఆ మాట అని ఠీవిగా నాలుగడుగులు వెయ్యాలి, పిల్లలు పడీపడీ నవ్వాలి. ఇది మా దర్శకుడి ఆజ్ఞ. నేను గీసిన ప్రతి నడకా తిప్పికొట్టాడు. "ఇందులో నవ్వేదండీ?" అనేవాడు. మూడు వారాలు ఇదే గొడవ. ఒకరోజు పొద్దున టీ తాగుతూ కిటికీలోంచి చూస్తే అన్నయ్య వీధిలో వస్తున్నాడు, రెండు చేతుల్లో రెండు సంచులు. టీ అక్కడే వదిలేసి ఆఫీసుకి పరుగెత్తుకొచ్చి గీశాను. సాయంత్రానికి అయిపోయింది. దర్శకుడు చూసి బల్ల గుద్ది మరీ నవ్వాడు. ఆయన్ననడం లేదు, ఆయనకేం తెలుసు? తెలిసినవాణ్ణి నేను. గీస్తున్నంతసేపూ తెలుసు. ఎంత బాగా కుదిరిందోనని మురిసిపోయాను కూడా.

సినిమా విడుదలైన రోజు అన్నయ్యనీ వదిననీ ఆరేళ్ళ పాపనీ నేనే తీసుకెళ్ళి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. హాలు నిండా పిల్లలు. బరువయ్య తెర మీదకొచ్చి "కుర్రతనంలో నేను గుర్రాన్నమ్మా" అని నాలుగడుగులు వేశాడు. హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోంచి మా పాప సీటు మీద నిలబడి, చప్పట్లు కొడుతూ అరిచింది. "నాన్నా, గాడిద అచ్చం నీలాగే నడుస్తోంది!"

ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. పాపని ఒళ్ళోకి తీసుకుని, "అవునే, బాగా గీశాడు మీ బాబాయి" అన్నాడు.

తల్లీ, తల దించుకోకు. ఈ మాట ఇంతమందిలో చెబుతున్నది నీకోసం కూడా. ఆరేళ్ళ పిల్లవి, తెర మీద మీ నాన్న కనబడ్డాడని సంబరపడ్డావు. నీ తప్పు గోరంత కూడా లేదు. తప్పంతా నాది.

ఆ తర్వాత పదిహేడేళ్ళు బతికాడు అన్నయ్య. నన్ను ఒక్క మాటనలేదు. ఎప్పుడు వెళ్ళినా "రారా" అనేవాడు, కడుపునిండా తినేదాకా కదలనిచ్చేవాడు కాదు. కాని నేనున్నంతసేపూ కుర్చీలోంచి లేచేవాడు కాదు. మొదట్లో నేను గమనించలేదు. ఓసారి మంచినీళ్ళకి లేవబోయి, నన్ను చూసి మళ్ళీ కూర్చుని పాపని కేకేశాడు. అప్పుడర్థమైంది. వీధి తలుపు దాకా వచ్చి సాగనంపే మనిషి, కూర్చున్న చోటునుంచే "జాగ్రత్తగా వెళ్ళు" అనడం మొదలుపెట్టాడు. పదిహేడేళ్ళలో ఆయన ఒక్కడుగు వెయ్యగా నేను చూడలేదు. చివరికి నలుగురూ మోసుకెళ్తుండగా చూశాను.

క్షమించమని అడగొచ్చు కదా అంటారు. వెళ్ళిన ప్రతిసారీ అడుగుదామనే వెళ్ళేవాణ్ణి. "ఎలా ఉన్నావురా?" అనేవాడు, నేను "బాగానే ఉన్నానన్నయ్యా" అని వేరే కబుర్లలో పడేవాణ్ణి. రేపు అడుగుదాంలే, ఎక్కడికి పోతాడు అనుకునేవాణ్ణి. పోయాడు.

ఆయన పోయిన నెలకి, బట్టలు సర్దుతూ వదిన చెప్పింది. రోజూ మధ్యాహ్నం గది తలుపేసుకుని, బీరువా అద్దం ముందు, కాలు ఈడవకుండా నడవడం సాధన చేసేవాడట. అరవై దాటాక. గోడ పట్టుకుని. "వాడొచ్చేసరికి బాగా నడవాలి" అనేవాడట.



మంచినీళ్ళు ఇవ్వు నాయనా... చాలు, చాలు.

కాబట్టి పెద్దలకి నా మనవి ఒక్కటే. ఆ మూడు నిమిషాలూ వెయ్యకండి. మా వదినా పాపా ఉన్న హాల్లో, ఆయన్ని చూసి మళ్ళీ ఇంతమంది నవ్వడం నేను భరించలేను. మీ ప్రేమ నాకు తెలుసు. బరువయ్యతో రెండో సినిమా తీస్తామని, ఆ నడక గీసిన కాగితాలు, ఆ షీట్లు ఇమ్మని పెద్దాయన ఆర్నెల్లుగా అడుగుతున్నారు. ఇవ్వకపోవడానికి కారణం కూడా ఇదేనండీ, పొగరు కాదు. వదినా, ఆయన్ని అడగలేకపోయాను, నిన్ను అడుగుతున్నాను. నన్ను క్షమించు.

(ముందు వరసలోంచి వదినగారు ఏదో అన్నారు.)

ఏంటి వదినా? వినబడలేదు. ఆవిడకి మైకు ఇవ్వండమ్మా.

(వదినగారు: "వెయ్యమను నాయనా."

"వద్దు వదినా, నవ్వుతారు."

"నవ్వనీ. మొదటిసారి చూసినప్పుడు నేనూ నవ్వాను, ఆయనా నవ్వారు. ఆయన నడవగా చూసి నాకు పద్నాలుగు నెలలైంది. ఇంట్లో ఫొటోలన్నిట్లోనూ కూర్చునే ఉంటారు. ఇంకెక్కడ చూడను? వెయ్యమను.")



...సరే వదినా.

నన్ను ఇన్నేళ్ళు మోసిన పెద్దాయనకీ, దర్శకుడికీ, మిత్రులకీ కృతజ్ఞతలు. పెద్దాయనా, షీట్ల సంగతి ఇకనుంచి మా వదినని అడగండి, ఆవిడ ఇమ్మంటే ఇస్తాను. పిల్లలూ, దీపాలార్పండి. నవ్వొస్తే ఆపుకోకండి. తల్లీ, కాస్త పక్కకి జరుగు, మీ ఇద్దరి మధ్యా కూర్చుంటాను. మా అన్నయ్య నడవగా చూసి నాకు పద్దెనిమిదేళ్ళయింది.

సెలవు.