సిరోంచలో హోటల్

1948 వేసవి. కాళేశ్వరం రేవులో గోదావరికి ఈవల నిజాం రాజ్యం, ఆవల సిరోంచ, అంటే ఇండియా. గిన్నెల మూటతో పడవెక్కబోతున్న ఒకామెను సరిహద్దు నాకాలో కాపలా ఉన్న నిజాం జవాను ఆపాడు.

"ఏ ఊరవ్వా?"

"జనగామ. టేషన్ ముంగట నాకు సర్వపిండి హోటలుండె. రజాకార్లు కాలవెట్టిన్రు."

"ఆ దేశంల నీకెవ్వరున్నరు?"

"ఎవ్వరు లేరు. ఆకలైనోళ్లు ఉంటరు గద."

"నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్లకు అన్నం పెట్టిన హోటలామెను పట్టుకోమని మాకు హుకుం వచ్చింది."

ఆమె మూట కిందికి దించలేదు.

"ఆకలని వచ్చినోళ్లందరికి పెట్టిన. సంఘపోళ్లు తిన్నరు, పోలీసోళ్లు గూడ తిన్నరు."

జవాను దగ్గరికి వచ్చి ఆమె ముఖంలోకి చూశాడు.

"నిరుడు నేను జరమొచ్చి ఆ టేషన్ల పడి ఉంటే గంజి తాపింది నువ్వే."

"మస్తు మందికి తాపిన బిడ్డా. యాదికి లేదు."

"చుట్టాలింటికి పోతున్నవని కితాబుల రాస్త."

"వద్దు. హోటల్ పెట్టుకోను పోతున్ననని రాయి. దొంగలెక్క పోయి నలుగుర్ల పొయ్యి ఎట్ల వెట్టాలె?"

అతను నవ్వి, అట్లాగే రాసి, పడవవాణ్ణి కేకేశాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆమె సిరోంచ ఒడ్డున దిగింది. గట్టు మీద ఎదురైన ముసలాయనను ఆపింది.

"బాపూ, ఈడ సర్వపిండికి బియ్యం యాడ విసురుతరు?"

"మా ఇంట్ల ఇసుర్రాయున్నది, రా బిడ్డా," అన్నాడాయన తెలుగులోనే.