వెలిగిన లైటును నమ్మని మనిషి

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం వారు మన బ్రేకుల కర్మాగారంలోని పరీక్షా విభాగంలో జూనియర్ ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించారు. ముప్పై నాలుగేళ్ల సేవ ముగించి ఈ నెలాఖరున విరమిస్తున్న వారిని గురించి రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు కోరినప్పుడు, నాకంటే అర్హులున్నారని రెండుసార్లు తప్పించుకున్నాను. మూడోసారి కుదరలేదు.

వారు చేరిన రోజుల్లో బ్రేకు అంటే పెడలు, గొట్టాలు, నూనె. కాలక్రమంలో చక్రం వేగాన్ని సెన్సార్లు కొలవడం, ఆ కొలతను బట్టి ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయించడం, ఆ నిర్ణయాన్ని యాక్చుయేటర్ అనే చిన్న మోటారు అమలు చేయడం మొదలయ్యాయి. మేమంతా శిక్షణకు వెళ్లి ధ్రువపత్రాలు తెచ్చుకుంటే, వారు పాడైన పెట్టెలు విప్పి, కాలిన తీగల వాసన చూసి విద్య నేర్చుకున్నారు. ఎంత చక్కని ఫలితం వచ్చినా "ఇంకోసారి చూద్దామండీ" అనేవారు కనుక, వెనక అందరం వారిని 'ఇంకోసారి గారు' అనేవాళ్లం. "గ్యాస్ కట్టేశానన్నా నమ్మరండీ, లేచి వెళ్లి చూసొస్తారు" అని వారి శ్రీమతి గారు ఒకసారి నా దగ్గర వాపోయారు.

రెండువేల తొమ్మిదిలో, బటన్ నొక్కితే బండిని నిలిపి ఉంచే పార్కింగ్ బ్రేకు పరీక్షకు వచ్చింది. గడ్డకట్టే చలి గదిలో, తొమ్మిది వేల పైచిలుకు ప్రయత్నాల్లో ఒక్కసారి, బ్రేకు పడిందని లైటు వెలిగింది. బ్రేకు మాత్రం సగమే పట్టింది. వారు సంతకం చేయనన్నారు.

"తొమ్మిది వేలకి ఒక్కసారండీ! దీనికి కూడా ఆపుతారా?" అన్నారు మేనేజరు.

"ఆ ఒక్కసారి బండి ముందు ఎవరు నిలబడతారో మీకు తెలిస్తే చెప్పండి, సంతకం పెట్టేస్తాను."

కాగితం నా బల్ల మీదికి వచ్చింది. నేను సంతకం చేశాను. పసిపిల్లల తండ్రిననీ, పదోన్నతి జాబితాలో ఉన్నాననీ సాకులు చెప్పుకోవచ్చు, నిజానికి అలసిపోయాను. ఆ వాదన ముగిస్తే చాలనిపించింది. మరుసటి వారమే వారిని, తిరిగొచ్చిన విడిభాగాలు పడేసే కింది గదికి బదిలీ చేశారు. పద్నాలుగు నెలలు కిటికీ లేని ఆ గదిలో ఉన్నారు. పల్లెత్తు మాట అనలేదు. మెట్లమీద ఎదురుపడితే నేనే తల దించుకునేవాణ్ణి.

రెండో చలికాలంలో, సరుకులు అందించే ఒక మహిళా డ్రైవరు మన బ్రేకున్న వ్యానును ఏటవాలు వీధిలో ఆపి, బటన్ నొక్కి దిగి, ముందుకు నడిచారు. వ్యాను కదిలి ఆమెను గోడకు అదిమేసింది. ప్రాణం దక్కింది, కుడికాలు దక్కలేదు. ఆమెను చూడడానికి సంస్థ నుంచి వెళ్లింది వారొక్కరే. "లైటు వెలిగింది కదండీ, నమ్మాను" అన్నారట ఆమె.

ఆ వ్యానులోని యాక్చుయేటర్ కింది గదిలో వారి చేతికే వచ్చింది. దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చినప్పుడు, నాలుగు మాటలు పడాల్సిందేనని సిద్ధపడ్డాను. వారు అన్నది ఇంతే: "రండి, మళ్లీ చూద్దాం. నేను బటన్ నొక్కుతాను, మీరు రాసుకోండి."

స్వెట్టర్ల మీద స్వెట్టర్లు తొడుక్కుని చలి గదిలో పంతొమ్మిది రోజులు పనిచేశాం. చలికి గ్రీజు బిగుసుకుపోయి మోటారు భారంగా తిరుగుతుంటే, ఆ భారాన్నే బ్రేకు పట్టు అని ఎలక్ట్రానిక్ పెట్టె పొరబడుతోందని తేలింది. కాసేపాగి మరోసారి బిగించి సరిచూసుకునేలా ఆ పెట్టెలోని ఆదేశాలు మార్చాలని, అమ్మిన ప్రతి బండినీ వెనక్కి పిలిపించాలని నివేదిక రాశాం. వారి పేరు ముందు పెట్టబోయాను.

"వద్దండీ. ఆ కాగితం మీద మీ సంతకమే ఉంది. దీని మీదా మీదే ఉండాలి" అన్నారు. అది శిక్షో, క్షమో నాకు ఈనాటికీ తెలియదు. బండ్లు వెనక్కి వచ్చాయి. వారిని పై అంతస్తుకు తీసుకొచ్చారు. పొరపాటు జరిగిందని మాత్రం ఎవరూ వారితో అనలేదు. నేనూ అనలేదు. పదిహేనేళ్లు ఆలస్యంగా, వారి కుటుంబం చదివే ఈ పుటలో అంటున్నాను: తప్పు నాది.

మొన్న టీ తాగుతూ, ఇకపై ఏం చేస్తారని అడిగాను. "పడుకుంటానండీ" అన్నారు నవ్వకుండా. "ఇన్నేళ్లూ రోడ్డు మీద ఎక్కడ బ్రేకు కీచుమన్నా, మనదేమోనని గుండె గుభేలుమనేది. ఓపిక అయిపోయింది."

వారికి ఆ ఓపిక తిరిగి రావాలి. ఒంట్లో సత్తువ, కంటినిండా నిద్ర, శ్రీమతి గారితో తీరిగ్గా కబుర్లు చెప్పుకునే సుదీర్ఘమైన ఆయుష్షు వారికి సమకూరాలని మనసారా కోరుకుంటున్నాను. రోడ్డు మీద చప్పుళ్లకు ఉలిక్కిపడే పని ఇక మాది. వారు నిశ్చింతగా నడవాలి.